పుండు మూసుకుంది గానీ లోపలి పొర ఇంకా మానలేదు

మీరు రాసినదాన్ని ఒకసారి కుదించి చెబుతాను, చదివే మిగతావారికీ తెలుస్తుంది. అయిదేళ్ల పాప మీద వేడి సాంబారు ఒలికింది. తొడ మీద చిందిన చోట బొబ్బలు లేచి, పది రోజుల్లో మచ్చ కూడా మిగలకుండా మానింది. మోచేతి మడత దగ్గర మాత్రం పుండు మూసుకోవడానికి దాదాపు నెల పట్టింది. మానిపోయింది, ఇక రానవసరం లేదని చెప్పి పంపించారు. రెండు నెలలు గడిచాక ఇప్పుడు ఆ చోటంతా ఎర్రగా ఉబ్బి గట్టిపడింది. దురదతో పాప రాత్రిళ్లు నిద్రపోవడం లేదు. చేయి పూర్తిగా చాపలేకపోతోంది. ఒకే గిన్నెలోని సాంబారు రెండు చోట్ల రెండు రకాలుగా ఎందుకు చేసింది, కొల్లాజెన్ క్రీము రాస్తే తగ్గుతుందా, ఆపరేషన్ చేయించాలా అన్నవి మీ ప్రశ్నలు.

ముందు తొందరపడవలసిన సంగతి. మోచేయి చాపలేకపోవడాన్ని మెల్లగా అదే సర్దుకుంటుందని వదిలేయకండి. ఈ వారంలోనే ప్లాస్టిక్ సర్జన్‌కు గానీ, కాలిన గాయాల విభాగం ఉన్న ఆసుపత్రిలో గానీ చూపించి ఫిజియోథెరపీ మొదలుపెట్టించండి. పాపను చూడకుండా నేను రాసే ఈ జవాబు ఆ పరీక్షకు బదులు కాదు. అయితే కాలిన గాయాల వార్డులో సర్జన్‌గా ఏళ్ల తరబడి ఇలాంటి పిల్లలకే వైద్యం చేస్తున్నాను. చాలామంది తల్లిదండ్రులకు ఎవరూ విడమరిచి చెప్పని విషయం ఒకటుంది, దాన్ని కాస్త వివరంగా రాస్తాను. మీ మూడు ప్రశ్నలకూ జవాబు చర్మం పై పొర కింద ఉండే అంతశ్చర్మంలో ఉంది. వైద్యులు దాన్ని డెర్మిస్ అంటారు.

కంటికి కనిపించే పై పొర, అంటే బాహ్యచర్మం, చాలా పలుచన. అరచేతులు, అరికాళ్లు మినహాయిస్తే ఎక్కువ చోట్ల దాని మందం మిల్లీమీటరులో పదో వంతు ఉంటుంది. అందులో రక్తనాళాలు లేవు. అడుగున కొత్త కణాలు పుడుతుంటాయి, పైకి జరుగుతుంటాయి, సుమారు నెల తిరిగేసరికి పొట్టులా రాలిపోతుంటాయి. పోవడం, మళ్లీ రావడం దానికి నిత్యకృత్యం. అందుకే పై పొర వరకే కాలితే గాయం ఆనవాలు లేకుండా పోతుంది.

అంతశ్చర్మం అలాంటిది కాదు. కనురెప్ప దగ్గర అది మిల్లీమీటరు మందం కూడా ఉండదు, వీపు మీద మూడు మిల్లీమీటర్ల దాకా ఉంటుంది. రక్తనాళాలు, స్పర్శను మోసే నరాల కొసలు, చెమట గ్రంథులు, నూనె గ్రంథులు, వెంట్రుకల కుదుళ్లు అన్నీ ఉండేది ఇక్కడే. నీటిని పక్కనపెట్టి తూస్తే దాని బరువులో 70 శాతానికి తక్కువ కాకుండా కొల్లాజెన్ అనే ప్రొటీనే. మధ్య మధ్య సాగి మళ్లీ యథాస్థితికి వచ్చే ఎలాస్టిన్ పోగులు ఉంటాయి. ఈ రెంటినీ తయారుచేసేవి ఫైబ్రోబ్లాస్టులనే కణాలు. చెప్పులకు వాడే తోలు, డప్పుకు బిగించే తోలు, నిమ్మలకుంటలో తోలుబొమ్మలు చేసే మేకతోలు, అన్నీ అంతశ్చర్మమే. వెంట్రుకలతో పాటు పై పొరను గీకేసి, కింద అంటుకున్న కొవ్వునూ మాంసాన్నీ తీసేస్తే మిగిలేది అదొక్కటే. చర్మపు బలమంతా ఎక్కడుందో దీన్ని బట్టి తెలుస్తుంది.

ఆ బలం పోగుల్లో ఎంత ఉందో, వాటి అల్లికలోనూ అంతే ఉంది. ఆరోగ్యంగా ఉన్న అంతశ్చర్మంలో కొల్లాజెన్ కట్టలు నులకమంచం అల్లికలా ఒకదాని మీదుగా ఒకటి అన్ని వైపులకూ పోతాయి. ఎటు లాగినా కొంత సాగుతుంది, వదిలితే తిరిగి వస్తుంది. అందులోనూ రెండు అంతస్తులున్నాయి. పై భాగంలో సన్నని పోగులు, కేశనాళికలు ఉంటాయి. కింది భాగంలో లావుపాటి కట్టలుంటాయి. కాలిన గాయం ఈ రెండు అంతస్తుల్లో ఏది దాటిందన్న దాని మీదే మీ పాప విషయమంతా ఆధారపడి ఉంది.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం. చర్మం ఎంత లోతుగా కాలుతుందనేది వేడి ఒక్కదాని మీదే ఆధారపడదు, ఆ వేడి ఎంతసేపు అంటిపెట్టుకుని ఉందన్నదీ లెక్కలోకి వస్తుంది. 1947లో మోరిట్జ్, హెన్రిక్స్ అనే ఇద్దరు పరిశోధకులు ఈ లెక్క తేల్చారు. 44 డిగ్రీల సెల్సియస్ వేడి చర్మాన్ని దెబ్బతీయాలంటే గంటల కొద్దీ తగిలి ఉండాలి, 60 డిగ్రీల దగ్గర అయిదు సెకన్లు సరిపోతాయి, 70 డిగ్రీల దగ్గర ఒక్క సెకను చాలు. పొయ్యి మీద నుంచి దించిన సాంబారు దీనికన్నా ఎంతో వేడిగా ఉంటుంది. అది నీళ్లలా జారిపోదు, పప్పూ నూనే ఉండటంతో ఒంటికి అంటుకుని ఉండిపోతుంది. తొడ మీద పడింది చింది జారిపోయిన చుక్కలు. చేతి మీద పడినదాన్ని గౌను చేతి గుడ్డ పీల్చుకుని, మోచేతి మడతకు పట్టీ వేసినట్టు అదిమి పెట్టింది. అది తీసేదాకా వేడి లోపలికి దిగుతూనే ఉంటుంది. పైగా పిల్లల చర్మం పెద్దవాళ్ల చర్మం కన్నా పలుచన, మోచేతి మడతలో ఇంకా పలుచన. అందుకే ఒంటి మీద ఏది ఒలికినా ముందు ఆ గుడ్డ తీసెయ్యాలి, కుళాయి నీటి ధార కింద 20 నిమిషాలు ఉంచాలి. ప్రమాదం జరిగిన మూడు గంటల లోపు ఎప్పుడు చేసినా దీనితో ప్రయోజనం ఉంటుంది. ఐసు వద్దు. టూత్‌పేస్టు, సిరా, పసుపు, పిండి పూయడం వల్ల వేడి లోపలే ఉండిపోతుంది, గాయం ఎంత లోతుందో డాక్టరుకు కనిపించకుండానూ పోతుంది.

తొడ మీద కాలినది బాహ్యచర్మం, దాని కిందనున్న పై అంతస్తు వరకే. రెండు పొరలు విడిపోయి మధ్యలో నీరు చేరితే వచ్చేదే బొబ్బ. దాని కింద చర్మం గులాబీ రంగులో తడిగా ఉంటుంది, వేలితో అద్దితే తెల్లబడి వెంటనే మళ్లీ ఎర్రబడుతుంది, గాలి తగిలినా పాప ఏడుస్తుంది. ఇవన్నీ మంచి గుర్తులే. రక్తనాళాలు, నరాలు బతికి ఉన్నాయని అర్థం. కింది అంతస్తు దాకా కాలిన చోట గాయం పాలిపోయి తెల్లగానో, మచ్చలు మచ్చలుగా ముదురు ఎరుపులోనో కనిపిస్తుంది, నొక్కినా రంగు మారదు, నొప్పి తక్కువగా ఉంటుంది. నొప్పి లేదంటున్నాడు కాబట్టి చిన్న గాయమే అనుకుని మూడో రోజో నాలుగో రోజో పిల్లల్ని తెచ్చే తల్లిదండ్రులను తరచూ చూస్తుంటాం. మాకు భయం వేసేది అలాంటి గాయాన్ని చూసినప్పుడే.

మానడం ఎలా జరుగుతుందో దగ్గరగా చూస్తే మీకు తేడా ఇంకా బాగా అర్థమవుతుంది. పై పొర కణాలు వెంట్రుకల కుదుళ్ల చుట్టూ, చెమట గ్రంథుల గొట్టాల చుట్టూ కూడా లోపలి దాకా దిగి ఉంటాయి. పైన అంతా కాలిపోయినా అడుగున కుదుళ్లు మిగిలితే ఆ కణాలు పైకి పాకి వస్తాయి. కట్టు విప్పినప్పుడు ఎర్రటి పుండు మధ్యలో ఆవగింజ కన్నా చిన్నవిగా ముత్యాల రంగు చుక్కలు కనిపిస్తాయి. ఒక్కొక్క చుక్కా ఒక్కొక్క కుదురు. అవి రోజురోజుకూ వెడల్పై ఒకదానితో ఒకటి కలిసిపోతాయి. పైపైన కాలిన చోట ఇవి దట్టంగా ఉంటాయి కనుక పది, పన్నెండు రోజుల్లో పని పూర్తవుతుంది. లోతుగా కాలిన చోట కొద్ది కుదుళ్లే మిగులుతాయి. ఆ ఖాళీలన్నీ నిండటానికి వారాలు పడుతుంది. అసలేమీ మిగలకపోతే అంచుల నుంచి మాత్రమే చర్మం రావాలి, అది ఎంతో దూరం రాలేదు.

ఈ ఆలస్యంలోనే నష్టమంతా జరుగుతుంది. పుండు తెరిచి ఉన్నంతకాలం కింద ఫైబ్రోబ్లాస్టులు ఆగకుండా కొల్లాజెన్ పోస్తూనే ఉంటాయి. వాటిలో కొన్ని కండర కణాల మాదిరిగా ముడుచుకునే శక్తిని తెచ్చుకుంటాయి. 1971లో గబ్బియానీ బృందం వీటిని గుర్తించింది, మయోఫైబ్రోబ్లాస్టులంటారు. పుండు అంచులను దగ్గరికి లాగడం వాటి పని. శరీరానికి అప్పుడు కావలసింది పుండు త్వరగా మూసుకోవడమే, మోచేయి వంగిపోతుందా లేదా అన్నది దానికి పట్టదు. ఇలా పోసిన కొత్త కొల్లాజెన్‌లో పాత అల్లిక ఉండదు. పోగులు ఒకే దిశలో దగ్గర దగ్గరగా పేరుకుంటాయి. ఎలాస్టిన్ పోగులు సరిగా ఏర్పడవు, పోయిన వెంట్రుకలూ గ్రంథులూ తిరిగి రావు. కనుక మచ్చ సాగదు, తేమ నిలవదు, దురద పెడుతుంది. రెండు వారాల లోపు మూసుకున్న గాయం సాధారణంగా ఉబ్బదు. మూడు వారాలు దాటినవాటిలో అధికభాగం ఉబ్బుతాయి, మరీ ముఖ్యంగా పిల్లల్లో, కీళ్ల దగ్గర. మీ పాపకు నెల పట్టిందని రాయగానే మిగతాది నాకు అర్థమైంది.

ఈ మూడు వారాల గడువు దృష్టిలో పెట్టుకునే ఈ రోజుల్లో లోతైన గాయాలను వాటంతటవి మానేదాకా వదలకుండా త్వరగా గ్రాఫ్టింగ్ చేస్తారు, అంటే ఒంటి మీద ఇంకోచోటి నుంచి పలుచని చర్మం తీసి అతికిస్తారు. ఈ పద్ధతికి దారి చూపింది అప్పటి యుగోస్లావియాలోని మారిబోర్‌లో పనిచేసిన జోరా యాన్జెకోవిచ్ అనే సర్జన్. చచ్చిన భాగాన్ని మూడో రోజు నుంచి అయిదో రోజు లోపల పలుచని పొరలుగా గీసి తీసేస్తూ, సన్నని రక్తపు చుక్కలు కనిపించే బతికిన అంతశ్చర్మం దగ్గర ఆగి, వెంటనే తొడ చర్మం వేసి కప్పేసేది ఆమె. 1970లో ఆమె ఈ ఫలితాలు ప్రచురించేదాకా ఎక్కువ చోట్ల చచ్చిన తోలు దానంతటదే ఊడేదాకా వారాల తరబడి ఆగేవారు. ఇప్పటికీ గ్రాఫ్టు మాట ఎత్తగానే కొందరు తల్లిదండ్రులు ఇంకోచోట గాయం ఎందుకు చేయాలని భయపడతారు. తొడ నుంచి తీసేది మిల్లీమీటరులో మూడో వంతు మందం కూడా లేని పొర. కుదుళ్లు అక్కడే ఉండిపోతాయి కనుక ఆ చోటు రెండు వారాల్లో మానుతుంది. తీసిన పొరతో పాటు కొంత అంతశ్చర్మమూ వస్తుంది, అసలు విలువ దానిదే. మడతలో వేసిన గ్రాఫ్టు మళ్లీ ముడుచుకోకుండా ఆపేది అదే. అందుకే కీళ్ల దగ్గర కాస్త మందమైన గ్రాఫ్టు వేయడానికి ఇష్టపడతాం.

ఇప్పుడు చేయవలసింది. మూసుకున్న రోజుతో గాయం కథ ముగియదు, అక్కడి నుంచి ఏడాది, ఏడాదిన్నర పాటు అంతశ్చర్మం పోసిన కొల్లాజెన్‌ను కరిగిస్తూ, మళ్లీ పోస్తూ, సర్దుకుంటూ ఉంటుంది. మొదటి నాలుగు నుంచి ఆరు నెలలు మచ్చ ఉబ్బుతూ పోయి, ఆ తర్వాత మెల్లగా మెత్తబడుతుంది. ఈ కాలంలో దాన్ని ఎటు లాగి ఉంచితే అటు సర్దుకుంటుంది. పాప చేయి ముడుచుకుని పడుకుంటుంది, ఎందుకంటే ముడిస్తేనే లాగుడు తెలియదు. హాయిగా ఉన్న ఆ భంగిమలోనే మచ్చ బిగుసుకుపోతుంది. కాబట్టి రాత్రిపూట చేయి చాచి ఉండేలా స్ప్లింట్, అంటే మోచేయి వంగకుండా పట్టి ఉంచే గట్టి పట్టీ, వేయాలి. పగలు మోచేయి చాపే వ్యాయామాలు అరగంట ఒకేసారి చేయించి ఏడిపించే బదులు, కొద్దికొద్దిగా ఎక్కువసార్లు చేయించండి. గోడ మీద ఎత్తుగా కాగితం అతికించి బొమ్మలు గీయమంటే ఆ వయసు పిల్లలు ఏడవకుండా చేయి చాపుతారు.

మర్దన ప్రతి ఇంట్లో చేయదగ్గది, కానీ ఎక్కువమంది పైపైన నూనె రాసి వదిలేస్తారు. అది మర్దన కాదు. కొబ్బరి నూనె గానీ వాసన లేని మాయిశ్చరైజర్ గానీ రాసి, బొటనవేలితో మచ్చ ఎరుపు పోయి తెల్లబడేదాకా నొక్కాలి. ఆ ఒత్తిడిని అలాగే ఉంచి, వేలు చర్మం మీద జారకుండా, చర్మమే కింది కండ మీద కదిలేలా గుండ్రంగా తిప్పాలి. ఒక్కోసారి అయిదు నిమిషాలు, రోజుకు మూడు నాలుగు సార్లు. పొక్కులు లేచినా, పగిలినా ఆ చోట రెండు రోజులు ఆపండి.

దీనితో పాటు సిలికాన్ జెల్ గానీ సిలికాన్ షీటు గానీ వాడాలి. షీటైతే మొదట రోజుకు కొద్ది గంటలతో మొదలుపెట్టి పన్నెండు గంటలకు పైగా ఉండేలా పెంచుకుంటూ పోవాలి, రోజూ కడగాలి. మచ్చను బిగుతుగా అదిమి ఉంచేలా కొలత తీసుకుని కుట్టించే తొడుగును ప్రెషర్ గార్మెంట్ అంటారు, దాన్ని రోజులో దాదాపు 23 గంటలు వేసి ఉంచాలి. మన ఎండలకు పిల్లలు చికాకు పడటం సహజమే, అందుకే రెండు జతలు కుట్టించుకుని ఉతికినది మార్చండి. పాప ఎదుగుతుంది, గుడ్డ సాగుతుంది, కనుక రెండు మూడు నెలలకోసారి కొలతలు మళ్లీ చూపించుకోవాలి. వదులైన గార్మెంట్ వేసినా వేయనట్టే. ఏడాది పాటు ఎండ తగలకుండా పొడుగు చేతుల నూలు చొక్కా వేయండి, లేకపోతే మచ్చ నల్లబడి అలాగే ఉండిపోతుంది.

దురద గురించి మీరు ఒక్క ముక్కే రాశారు గానీ ఆ పిల్లకు ఇప్పుడు అన్నిటికన్నా పెద్ద బాధ అదే అయి ఉంటుంది. నూనె గ్రంథులు పోయి మచ్చ పొడిబారడం ఒక కారణం, ఎదుగుతున్న కొత్త నరాల కొసలు, అక్కడ విడుదలై దురద పుట్టించే హిస్టమిన్ అనే పదార్థం మరికొన్ని. గోళ్లు చిన్నగా కత్తిరించండి, స్నానం గోరువెచ్చని నీటితో చేయించి ఒంటి తడి ఆరకముందే మాయిశ్చరైజర్ రాయండి. అయినా నిద్ర పట్టకపోతే భరించమనకండి, దానికి మందులున్నాయి, బరువును బట్టి డాక్టరు రాస్తారు.

కొల్లాజెన్ క్రీము వద్దు. ఒక్కో కొల్లాజెన్ అణువు బరువు సుమారు మూడు లక్షల డాల్టన్లు (అణువుల బరువును కొలిచే ప్రమాణం ఇది), చెక్కుచెదరని బాహ్యచర్మం గుండా లోపలికి పోగలిగినవి ఇంచుమించు 500 డాల్టన్ల లోపు ఉన్న పదార్థాలే. పైన రాసింది పైనే ఉంటుంది, మహా అయితే కాస్త తేమ పట్టి ఉంచుతుంది. ఆ పని కొబ్బరి నూనె ఎంతో తక్కువ ఖర్చుతో చేస్తుంది. అసలు పాప మచ్చలో కొల్లాజెన్‌కు కొరత లేదు. అతిగా ఉంది, అదీ తప్పు అల్లికలో ఉంది. దాన్ని ఇంకా పోయడానికి డబ్బు పెట్టడం నాకు బాధ కలిగించే విషయం, ఎందుకంటే అదే డబ్బుతో మంచి గార్మెంట్ వస్తుంది.

తిండి విషయంలో మాత్రం శ్రద్ధ పెట్టండి. గుడ్డు, పప్పు, పాలు రోజూ ఉండాలి. విటమిన్ సి లేకపోతే శరీరం కొల్లాజెన్ పోగులను పేనలేదు. మచ్చలో కూడా కొల్లాజెన్ ఎప్పుడూ కరుగుతూ, మళ్లీ తయారవుతూ ఉంటుందనడానికి చరిత్రలో ఒక గట్టి ఉదాహరణ ఉంది. 1740లో ఇంగ్లండు నుంచి బయలుదేరిన జార్జ్ ఆన్సన్ నౌకాదళంలో తాజా పండ్లు, కూరగాయలు దొరకక, విటమిన్ సి లోపంతో వచ్చే స్కర్వీ వ్యాధి ప్రబలింది. ఆ నౌకల్లో ఉన్నవారిలో, 1690లో ఐర్లండులోని బోయిన్ యుద్ధంలో గాయపడిన ఒక ముసలి సైనికుడి గాయాలు యాభై ఏళ్ల కిందట మానినవి మళ్లీ తెరుచుకున్నాయి. మీ పాపకు మాత్రలు కూడా అవసరం లేదు, రోజుకో జామకాయ చాలు, ఉసిరి, బత్తాయి దొరికితే అవీ పెట్టండి.

లోపలి పొరను బయట తయారుచేసి అతికించలేరా అని అడిగేవారూ ఉంటారు. పై పొరను ప్రయోగశాలలో పెంచడం 1975 నాటికే సాధ్యమైంది. 1983లో అమెరికాలో ఒళ్లు దాదాపు అంతా కాలిన ఇద్దరు చిన్న అన్నదమ్ములను అలా పెంచిన చర్మంతోనే బతికించారు. కానీ అంతశ్చర్మం లేకుండా వేసిన ఆ పొర చాలా సున్నితం, కొద్ది రాపిడికే పొక్కులు లేస్తాయి. 1981లో బోస్టన్‌లో బర్క్, యన్నాస్ ఆవు కొల్లాజెన్‌తో, షార్కు చేప మృదులాస్థి నుంచి తీసిన పదార్థంతో చేసిన జల్లెడ లాంటి పొరను వాడారు. రోగి ఫైబ్రోబ్లాస్టులు అందులోకి పాకి, దాన్ని మెల్లగా తమ కొల్లాజెన్‌తో మార్చుకుంటాయి. ఇప్పుడు మన దేశంలోనూ అలాంటివి వాడుతున్నారు, ఖరీదు ఎక్కువ. అంతటి పొర కూడా చట్రం మాత్రమే, వెంట్రుకా చెమట గ్రంథీ దానిలో మొలవవు. మీ పాపకు దాని అవసరం పడుతుందని నేను అనుకోను.

ఇక ఆపరేషన్. రెండు నెలల ఎర్రటి మచ్చను కోసి తీస్తే, మహా జోరు మీద ఉన్న ఫైబ్రోబ్లాస్టుల మధ్యలోకి కత్తి పెట్టినట్టే, మళ్లీ అంతకంత ఉబ్బుతుంది. అయితే కనురెప్ప మూతపడకపోయినా, మెడ ఛాతీకి అతుక్కుపోతున్నా, వేళ్లు వంగిపోతున్నా ఆగకూడదు. మోచేతికి అలాంటి తొందర సాధారణంగా ఉండదు, స్ప్లింట్‌కు లొంగుతున్నంతవరకూ దానికే సమయం ఇస్తాం. మచ్చ మరీ ఉబ్బితే మధ్యలో స్టెరాయిడ్ ఇంజెక్షనో, లేజరో డాక్టరు సూచించవచ్చు. ఏడాది దాటాక, మచ్చ పాలిపోయి మెత్తబడ్డాక కూడా మడతలో తీగలా అడ్డం పడితే, పక్క చర్మాన్ని తిప్పి కలిపే చిన్న ఆపరేషన్‌తో గానీ, బిగువు వదిలించి గ్రాఫ్టు వేసి గానీ సరిచేస్తారు. చేయి ఎదుగుతుంది, మచ్చ అంతగా ఎదగదు, కనుక ఇప్పుడు పూర్తిగా సరైనా ఎదుగుదల ఆగేదాకా ఏడాదికోసారి చూపిస్తూ ఉండండి.

మొదటిసారి డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు, పాప చేతిని ఎంతవరకు చాపగలిగితే అంతవరకు చాపించి పక్క నుంచి ఫొటో తీసి తీసుకెళ్లండి. ప్రతి ఆదివారం అదే చోట, అదే కోణంలో ఇంకో ఫొటో తీయండి. వరుసగా రెండు వారాలు మోచేయి కోణం తగ్గుతూ వస్తే, ఇచ్చిన తేదీ దాకా ఆగకుండా వెళ్లండి. మచ్చ ఎన్ని సెంటీమీటర్లు, ఏ చేయి, ఇప్పుడు ఏ మందులు రాస్తున్నారు అన్నవి ఇక్కడ రాస్తే, స్ప్లింట్ ఎలాంటిది అడగాలో నేను చెబుతాను.